పప్పు ఉడికే నీళ్ళు

మొన్న నరసరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పక్కింటివాళ్ళ పెళ్ళి, పోకపోతే బాగుండదని మోకాళ్ళ నొప్పులతోనే బయల్దేరాను. కల్యాణ మండపం గుమ్మానికి అటూ ఇటూ పెద్ద ఇత్తడి బిందెలు పెట్టి, వాటిలో ఎండుపూలూ, నెమలి ఈకలూ, వాటి మధ్య బంగారు రంగు పూసిన పొడుగాటి కాడలూ గుచ్చారు. కాడ చివర వేలెడు లావున, జానెడు పొడుగున ఒక్కో కంకి. ఆడపిల్లలు వాటి పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. నేనూ దగ్గరికి పోయి చూశాను. ఎంత రంగు పూస్తే మాత్రం నాకు తెలియదా? అది జమ్ము కంకి. ఎవరూ చూడటం లేదు కదా అని గోటితో గీరాను. రంగు కిందినుంచి నూగు బుస్సున పొంగి నా పట్టుచీర మీద పడింది.

డెకరేషన్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "మామ్మగారూ, ముట్టుకోకండి. అవి ఇక్కడ దొరికేవి కావు" అన్నాడు.

"మరెక్కడ దొరుకుతాయి నాయనా?"

"ఆన్‌లైన్‌లో తెప్పించామండీ."

నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి ఫ్యాన్ కింద కూర్చున్నాక ఆ నవ్వు పోయింది. మంత్రాలు చదువుతున్నారు, సన్నాయి వాయిస్తున్నారు, నా ముక్కుకి మాత్రం మా మడుగు వాసన వస్తూనే ఉంది.

మాది గురజాల వైపు ఒక ఊరు. ఊరు మెరక మీద, మా పాలెం పల్లంలో. పల్లంలోనే ఎందుకుందో చిన్నప్పుడు తెలియలేదు, తెలిశాక ఎవరినీ అడగాలనిపించలేదు. పాలెం దాటితే మడుగు. పల్నాడులో నీళ్ళంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఆ మడుగు గురించి చెబితే నమ్మరు. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా అందులో మోకాలి లోతు నీళ్ళుండేవి. మనిషి ఎత్తున జమ్ము. జమ్ము లేనిచోట అల్లిపూలు. నీటికోళ్ళు, బుడుబుంగలు, ఒంటికాలి మీద నిలబడి మా అల్లరంతా చూసే కొంగలు. ఒడ్డున తుంగ. పొద్దునపూట ఆ బురద వాసనా, తుంగగడ్డల వాసనా, పొయ్యిల మీద జొన్నన్నం ఉడికే వాసనా కలిసి పాలెమంతా ఉండేది. అల్లిగడ్డలు పీకి నిప్పుల్లో కాల్చుకునేవాళ్ళం. పైన పెచ్చు ఊడదీస్తే లోపల పసుపుపచ్చగా, కొంచెం వగరుగా ఉండేవి. తినేటప్పుడు మూతులన్నీ మసి. తూటికూరా పొన్నగంటికూరా కోసుకోవడానికి మా అమ్మ గంప పట్టుకుని అలా వెళ్ళి ఇలా వచ్చేది. కూర కొనడమనే మాట మా ఇళ్ళల్లో లేదు.

మడుగు ఒడ్డునే మా బావి. నాపరాళ్ళు పేర్చిన చిన్న బావి. చేంతాడు పెద్దగా అక్కర్లేదు, కొంచెం వంగితే చేద అందేది. ఆ నీళ్ళు తియ్యగా ఉండేవి. పై ఊళ్ళో బావులు మాత్రం నాపరాయి తొలుచుకుంటూ ఎంత లోతుకి పోయినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడకదు. పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికీ పలుకులు పలుకులుగానే ఉంటుంది. అందుకని పై ఊరి ఆసాముల ఇళ్ళనుంచి జీతగాళ్ళు కావడి వేసుకుని తెల్లారేసరికి మా మడుగుకి వచ్చేవాళ్ళు. మా బావి పక్కనుంచే పోయి, మడుగులో దిగి, బట్ట అడ్డం పెట్టి కడవలు ముంచుకునేవాళ్ళు.

మా నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. వాళ్ళకి వినబడేలాగే అనేది: "మన బావి నీళ్ళు తాగితే కులం పోయిద్దంట. మన గేదెలు పొర్లిన మడుగు నీళ్ళు తాగితే పోదంట. ఏం కులమో, దానికైనా తెలుసో లేదో!"

జీతగాళ్ళు తలొంచుకుని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళు పై ఊరివాళ్ళే అయినా మాలాగే సెంటు నేల లేనివాళ్ళు.

ఆదివారం మా ఇంట్లో పప్పు వండేవాళ్ళు. మిగతా రోజులు జొన్నన్నంలోకి గోంగూర పచ్చడో, మడుగులో పట్టిన జెల్లల పులుసో. పప్పు పొయ్యి మీద కుతకుతలాడుతుంటే నాయనమ్మ గరిటెతో రెండు పలుకులు తీసి నా అరచేతిలో వేసేది. బొటనవేలితో నలిపి చూడటం నా ఉద్యోగం.

"ఉడికిందటే?" అని అడిగేది.

"ఉడికింది నాయనమ్మా."

"ఉడకదా మరి! మన నీళ్ళల్లో రాళ్ళేసినా ఉడుకుతయ్" అనేది. తనే బావి తవ్వి తనే నీళ్ళు పోసినంత గొప్పగా చెప్పుకునేది.

నాయనమ్మ చాపలు అల్లేది. పాలెంలో ఆడవాళ్ళందరికీ అదే పని. వానలు వెనకబట్టి, పిట్టల పిల్లలు ఎగరడం నేర్చుకున్నాక జమ్ము కోత మొదలయ్యేది. కొడవలి నీటిమట్టానికి పైన ఆడాలి, వేరు కదలకూడదు. వేరు కదిలించిన పిల్లకి ఆరోజు వీపు మోగేది. కోసిన జమ్ము ఎండబెట్టి, చీల్చి, తడిపి, వాకిళ్ళల్లో కూర్చుని అల్లుతుంటే పాలెమంతా పచ్చి వాసన. ఏ ఇంట్లోనైనా మొదట అల్లిన చాప మా ఏసయ్య గుడికి ఇచ్చేయాలి. మా గుడిలో బెంచీలు లేవు. తాటాకు కప్పు, నాపరాళ్ళ నేల. క్రిస్మస్ నాటికి నేలంతా కొత్త చాపలు పరిచేవాళ్ళం. అందులో మాకొక కట్టడి ఉండేది. ఎవరి చాప మీద వాళ్ళు కూర్చోకూడదు. మన చేతులతో అల్లింది పక్కవాళ్ళకి, పక్కవాళ్ళది మనకి. ఎవరు పెట్టారో ఆ కట్టడి, పాత తగాదాలున్న ఇళ్ళవాళ్ళు కూడా ఒకరి చాప మీద ఒకరు కూర్చోక తప్పేది కాదు. మా పక్కింటి అత్తకీ నాయనమ్మకీ కోడిపెట్ట విషయంలో ఏడాదిగా మాటల్లేవు. అయినా క్రిస్మస్ రోజున నాయనమ్మ ఆవిడ చాప మీదే కూర్చుని, "అల్లిక వదులు" అని నా చెవిలో చెప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

ప్రార్థనలు పొడుగయ్యేకొద్దీ మా పిల్లల చేతులు ఊరుకునేవి కావు. కింద చాపలోంచి ఒక్కో పోగు లాగేవాళ్ళం. వేసవికల్లా పిల్లలు కూర్చునే చోట చాపలన్నీ కంతలు. ఒకసారి జమ్ము కంకులు దులిపి ఆ నూగంతా పాస్టరయ్యగారి గొడుగులో కూరాం. గుడి మెట్ల మీద ఆయన గొడుగు విప్పారు. నల్లకోటూ, గడ్డమూ, కనుబొమ్మలూ తెల్లబడిపోయాయి. ఆయన తుమ్ముతూనే మమ్మల్ని ఆశీర్వదించారు. నాన్న మాత్రం ఆశీర్వదించలేదు, బెల్టు తీశాడు.

నాన్న నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. రాయి మీద గడపార ఆనించి, చెవి దగ్గర పెట్టి విని, ఎక్కడ కొడితే పలక పలకగా లేస్తుందో చెప్పేవాడు. రాయిలో ఉండే ఆ సందుని అతుకు అంటారు. అతుకు పట్టుకోవడంలో నాన్నని మించినవాడు లేడని నడికుడి దాకా పేరు. అంత పేరున్నా పొలం మాత్రం సెంటు లేదు. ఎవరిదైనా చేను పక్కనుంచి పోతే ఆగి, మట్టి గుప్పెట్లోకి తీసుకుని చూసి, మళ్ళీ జారవిడిచి నడిచేవాడు. నేను చెయ్యి పట్టుకుని పక్కన ఉండేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

అప్పట్లో కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారు. ఎవరి నోట విన్నా అదే మాట. కాలవొస్తుంది, పల్నాడంతా మాగాణి అవుతుంది, జొన్నలు పశువులకి వేస్తాం, మనం వరన్నం తింటాం. వరన్నం మాకు పండగనాటి తిండి. రోజూ వరన్నమని విన్న రాత్రి నాకు కలలో కూడా తెల్లటి మెతుకులే.

ఒకరోజు మునసబు గారు పాలెం మొదట్లో సైకిల్ దిగి, అక్కడే నిలబడి మగవాళ్ళని పిలిపించాడు. "ఒరేయ్, కాలవొత్తందిరా. ఈ మడుగు ఉత్త దండగ. నీల్లు తీసేసి నేల చేసుకుంటే మీకే పంచుతారంట. ఇంటికింత. నేను పైన మాట్టాడతా. వాగులోకి కాలవ తవ్వి ఎండగొట్టుకోండి" అన్నాడు.

నాన్న ముఖం ఆరోజు చూడాలి. సాయంత్రం గుడిలో అందరూ కూర్చున్నారు. పెద్దవాళ్ళు ఆనందంతో పాట పాడారు. నాయనమ్మ ఒక్కతే లేచింది.

"నీల్లు తీసేత్తే జమ్ము యాడిదిరా? గుడికి చాపలెట్టా?" అంది.

"చాపలెందుకమ్మా? పంటలొచ్చినాక బెంచీలే చేయిద్దాం" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు.

"నా కొడుక్కి చేను వద్దనేదాన్నేం కాదులే" అని నాయనమ్మ కూర్చుంది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో తనే అడిగింది, "మనకి ఏ మూల వచ్చిద్దిరా? అల్లిపూల వైపొస్తే బాగుండు, ఆడ మన్ను నల్లగా ఉంటది" అని. చాపల గురించి మాట్లాడారు, చేపల గురించి మాట్లాడారు, కొంగలు ఎక్కడికి పోతాయని నేను కూడా అడిగాను. బావి గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు. బావి బావే కదా, మడుగు మడుగే కదా అనుకున్నారు. ఆ రెండిటి మధ్యా పట్టుమని పది బారలు లేవు.

ఆ ఎండాకాలం పని మొదలైంది. మా గుడి సంఘపెద్ద గడపార మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. వాగు చాలా దూరం. నాపరాయి తొలుచుకుంటూ అంత దూరం కాలవ తవ్వాలంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. మడుగు అంచున నల్లటి జిగురుమట్టి తవ్వుతుంటే కింద పలక తగిలింది. నాన్న దిగి, గడపారతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. లేచి పెద్దగా అరిచాడు.

"అతుకు దొరికిందిరో! లోపల డొల్లగా ఉంది. ఈడ లేపితే నీల్లు కిందికే దిగుతయ్. వాగుదాకా తవ్వే పన్లేదు!"

రాయి తెలిసిన చేతులు కదా. పొద్దువాలేలోపే పలక లేచింది. కింద నల్లటి బిలం. నీళ్ళు సుడి తిరుగుతూ గుడగుడమంటూ అందులోకి దిగడం మొదలుపెట్టాయి. అంత తేలిగ్గా పని అయిపోయిందని మగవాళ్ళు నాన్నని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మేం పిల్లలం బిలం చుట్టూ గెంతాం. జమ్ము ఆకులు వేస్తే గిర్రున తిరిగి మాయమయ్యేవి. దానికి ఇంకా ఇంకా తినిపించాం.

కొద్దిరోజుల్లో మడుగు అడుగు కనిపించింది. బురదలో చేపలు ఎగిరెగిరి పడుతుంటే గంపలతో ఎత్తుకున్నాం. మట్టగిడసలు, జెల్లలు, పేరు తెలియనివి. ప్రతి పొయ్యి మీదా చింతపండు పులుసు. ఎదురింటివాళ్ళు మాకు, మేం వాళ్ళకి గిన్నెలు మార్చుకున్నాం. పై ఊరికి కూడా పంపాం. నా చిన్నతనంలో అంత కడుపునిండా తిన్న రోజులు మళ్ళీ లేవు. తర్వాత, ఎత్తుకోగా మిగిలిన చేపలు కుళ్ళాయి. ఆ కంపు పోవడానికి చాలాకాలం పట్టింది. నీటికోళ్ళు ఎండిన జమ్ములో అటూ ఇటూ తిరిగి, ఒక పొద్దున చూస్తే లేవు.

ఒక ఆదివారం నాయనమ్మ నా అరచేతిలో పప్పు పలుకులు వేసింది. నలిపాను. నలగలేదు.

"ఉడకలేదు నాయనమ్మా."

"సరిగ్గా నలుపు."

నలిపాను. పలుకు జారి కింద పడింది. నాయనమ్మ కట్టెలు పచ్చివని మా అమ్మని తిట్టింది. తర్వాత కందులు పాతవంది. కుండ మార్చింది. మధ్యాహ్నం గుడినుంచి వచ్చినవాళ్ళందరిదీ అదే మాట, ఎవరింట్లోనూ పప్పు ఉడకలేదు. అప్పుడు అందరం బావి దగ్గరికి పోయాం. చేంతాడుకి కొంతకాలంగా ముడి మీద ముడి వేసుకుంటూనే ఉన్నాం, ఎండాకాలం కదా అనుకుంటూ. వంగి చూస్తే ఎక్కడో అడుగున ఇన్ని నీళ్ళు. నాన్న తోడి నోట్లో పోసుకున్నాడు. ఉప్పగా తగిలి ఉమ్మేశాడు. ఎవరి వైపూ చూడలేదు. మడుగు వైపు చూశాడు.

ఆ తర్వాత బిలం పూడ్చడానికి పాలెం పడని పాట్లు లేవు. రాళ్ళు వేశారు. జిగురుమట్టి తొక్కి తొక్కి కూరారు. ఒక వాన పడేది, కొంచెం నీళ్ళు నిలిచేవి, మా ప్రాణాలు లేచొచ్చేవి. అంతలోనే ఎక్కడో గుడగుడమని వినిపించేది. మట్టీ రాళ్ళూ అన్నీ కలిపి మింగేసి, పక్కన ఇంకో సందు తెరుచుకునేది. నాన్న గనిలో పని మానేసి పగలంతా అక్కడే. రాయిని విడగొట్టడం తెలిసిన మనిషికి విడిపోయిన రాయిని కలపడం తెలియలేదు. ఎవరికి తెలుసు గనక!

పెద్ద వాన ముంచుకొచ్చిన ఒక సాయంత్రం సంఘపెద్ద గుడి తలుపులు తెరిచాడు. "చాపలు తీయండి" అన్నాడు. కొత్తవి అల్లడానికి ఇంక జమ్ము లేదని అందరికీ తెలుసు. అయినా తీశాం. నేను రెండు చుట్టలు చంకలో పెట్టుకుని వానలో పరుగెత్తాను. నాయనమ్మ చాప ఏదో, పక్కింటి అత్త చాప ఏదో, పిల్లలం పోగులు లాగిన కంతల చాపలేవో అన్నీ చుట్టలు చుట్టి బిలంలో కూరారు. పైన మట్టి కొట్టారు. మగవాళ్ళు ఆ మట్టి మీద నిలబడి ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తొక్కారు. నీళ్ళు నిలిచాయి. ఒడ్డున ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చీకటి పడకముందే మట్టి కింద ఏదో కదిలింది. మగవాళ్ళు పక్కకి దూకారు. చాపలన్నీ ఒకదాని వెంట ఒకటి లోపలికి పోయాయి. నాయనమ్మ ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఇక మాకు మిగిలింది పై ఊరి బావి. దాన్ని మేం ముట్టుకోకూడదు. కడవలు గట్టు కింద పెట్టి, దూరంగా నిలబడి, నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన అమ్మగార్లలో ఎవరికైనా దయ కలిగితే ఎత్తునుంచి పోస్తే పట్టుకోవాలి. ఉప్పునీళ్ళే, అయినా అవే. జీతగాళ్ళని వెక్కిరించిన మా నాయనమ్మ గొంతు అక్కడ నేను గుర్తుపట్టలేకపోయాను.

"అమ్మగారూ, ఒక్క కడవ పొయ్యండమ్మా. పిల్లది పొద్దుటేల నుంచి నిలబడింది."

"మీ మడుగు మీరే పోగొట్టుకుంటిరి, మా బావి మీద పడితిరి. మాకూ పప్పు ఉడక్క చస్తన్నాం" అని ఒకావిడ విసుక్కుంటూనే పోసింది. ఆవిడ అన్నది అబద్ధం కాదు. కడవ ఎత్తుకుని వచ్చేశాం.

మడుగు నేల ఎండి తెల్లటి చౌడు తేలింది. ఏ గింజ వేసినా మొలవలేదు. పట్టాల కోసం నాన్న వెళితే మునసబు గారు "నీల్లున్న పోరంబోకు పంచే రూలు లేదంటరా, నేనేం చేసేది" అన్నాడు. నీళ్ళు లేవు కదా అయ్యా అని నాన్న అడగలేదు. కొన్నేళ్ళకి కాలవ వచ్చింది. పై ఊరి పొలాలు పచ్చబడ్డాయి. చౌడుకి నీళ్ళెందుకని మా వైపు పిల్లకాలవ తవ్వలేదు. నాన్న మళ్ళీ గనికి పోయాడు. రాళ్ళు మోశాడే గానీ, గడపార ఆనించి చెవి పెట్టడం మాత్రం మానేశాడు. ఎవరైనా వచ్చి అతుకు చూడమని బతిమాలినా వినబడనట్టు ఉండేవాడు.

నాయనమ్మ మాత్రం ఒక పని మానలేదు. ప్రతి ఆదివారం మా పాత బావిలోకి ముడులు వేసిన చేంతాడు వదిలి, అడుగున ఉన్న చారెడు నీళ్ళు తెచ్చి, గుప్పెడు పప్పు పొయ్యి మీద పెట్టేది. మడుగు తీపి ఊట మళ్ళీ వచ్చిందేమో చూడాలని. గుడికి పోయి ఉత్త నాపరాళ్ళ మీద కూర్చుని వచ్చాక పలుకులు నా చేతిలో వేసేది.

"ఉడికిందటే?"

"లేదు నాయనమ్మా."

"సరేలే. వచ్చే ఆదివారం చూద్దాం."

నేను హాస్టలుకి పోయి, టీచరమ్మనై, సెలవులకి వచ్చినప్పుడు కూడా అదే పప్పు, అదే ప్రశ్న. ఒకసారి అబద్ధం చెబుదామనుకున్నాను. నా చెయ్యి తనే పట్టుకుని చూసింది, చెప్పే వీలు లేకపోయింది. చనిపోయే ముందు ఆదివారం కూడా పెట్టిందట, ఆ వారం మధ్యలో నాయనమ్మ పోయింది. పొయ్యి పక్కన చిన్న కుండలో పప్పు మిగిలి ఉందని అమ్మ చెప్పింది.

నీళ్ళు నిలిచిన చోటు కనిపిస్తే మనవాళ్ళకి ఎందుకో చెయ్యి ఊరుకోదు. అది దండగ అంటారు. పూడ్చాలి, తవ్వాలి, ఏదో ఒకటి చెయ్యాలి. ఇప్పుడు కూడా రోజూ చూస్తూనే ఉన్నాను, నరసరావుపేట చుట్టుపక్కల ఒక్కో కుంటా మట్టి లారీల కింద పోతూ ఉంది. ఆగండిరా అని చెప్పబోతే నా గొంతు పక్కవాడికి కూడా వినబడదు. చెప్పినా వింటారా? మా నాన్నకి ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం విని ఉండేవాడా? సెంటు నేల లేని మనిషికి నేల ఇస్తామంటే ఏం వినబడుతుంది!

పెళ్ళిలో బంతి వేశారు. ఆకులో సన్నబియ్యం అన్నం కుప్పగా పోశారు. పక్కన ముద్దపప్పు, నెయ్యి. నా పక్కన కూర్చున్నావిడ నీళ్ళ బాటిల్ మూత తీసి రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. నేను అన్నం కలపకుండా పప్పులోంచి ఒక పలుకు తీసి బొటనవేలితో నలిపాను. అలవాటు, ఇన్నేళ్ళయినా పోలేదు. వెన్నలా నలిగిపోయింది.

"ఏం మామ్మగారూ, పప్పు ఉడకలేదా?" అని వడ్డించే కుర్రాడు ఆగి అడిగాడు.

"ఉడికింది" అన్నాను. ఆ మాట చెప్పాల్సిన మనిషి లేదు. ఆకు మడిచి లేచాను.